పాత చీటీ చెల్లుతుంది

మా షెడ్డులో ఆదివారాలు ఆడే ఆటకి నియమాలు పెట్టింది మా మామయ్య. వాటిని అందరికంటే ముందు తుంగలో తొక్కిందీ ఆయనే. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో చెబుతాను. చెబుతుంటే నాకు మధ్యమధ్య కోపం వస్తుంది. రానివ్వండి, అది రావాల్సిన కోపమే.

మామయ్యంటే మా అమ్మకి అన్న. కార్లు బాగుచేసే షెడ్డు ఆయనది. నేను అందులో సీట్లు కుడతాను. చిరిగిన రెగ్జిను, కుంగిపోయిన ఫోము, పిల్లలు చాక్లెట్ పులిమిన వెనక సీటు, ఏదైనా చివరికి నా మిషను దగ్గరికే వస్తుంది. మామయ్య కొడుకు, అంటే మా బావ, ఇంజన్ల పని చూస్తాడు. చూస్తాడు అన్నది సరైన మాటే, చాలాసేపు అలా చూస్తూనే ఉంటాడు. సొట్టలు తీసే ఆయన్ని సుత్తన్న అంటాం, రంగులు కొట్టే ఆయన్ని రంగుల బాబాయ్ అంటాం. గాజు తలుపు గదిలో కూర్చుని బిల్లులు రాసేది మా అత్తయ్య.

అత్తయ్యకి నేనంటే పడదు. ఒకప్పుడు బావని చేసుకుంటావా అని అడిగించారు. చేసుకోనని చెప్పాను. చెప్పినదానికంటే, నవ్వుతూ చెప్పినందుకు ఆవిడకి ఎక్కువ మండింది. అప్పట్నించీ ఆవిడ నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. నా చేతికి టీ గ్లాసు ఇవ్వాల్సి వచ్చినా బల్ల మీద పెట్టి, గోడ వైపు చూస్తూ "టీ" అనేది.

ఇక ఆట సంగతి. ఏడాదిలో సగం పైగా ఆదివారాలు టీవీలో కార్ల రేసులు వస్తాయి, ఒక్కోసారి ఒక్కో దేశంలో. రేసు మొదలయ్యే ముందు పైన ఎర్ర దీపాలు వరసగా వెలిగి, ఒక్కసారిగా ఆరిపోతాయి. అవి ఆరేలోగా ఎవరు గెలుస్తారో, ఎవరు రెండు, ఎవరు మూడు, ఏ బండి అందరికంటే ముందు ఆగిపోతుందో చీటీ మీద రాసి ఖాళీ ఆయిల్ డబ్బాలో వెయ్యాలి. దీన్ని మేం జోస్యం అంటాం. జోస్యాల లెక్కంతా గోడకి కొట్టిన ఒక పాత కారు బానెట్ మీద సుద్దతో రాసి ఉంటుంది. రాసేది అత్తయ్య. లెక్క రాసేవాళ్లు ఆడకూడదన్నది నియమం కాబట్టి ఆవిడ ఎప్పుడూ చీటీ వెయ్యలేదు.

మొదటివాణ్ణి సరిగ్గా చెబితే పది పాయింట్లు. రెండోవాడికి ఆరు, మూడోవాడికి నాలుగు. ముగ్గురిలో ఉన్నాడు కానీ స్థానం మారిందంటే రెండు. ముందుగా ఆగిపోయే బండిని చెబితే ఐదు. ఇంతవరకూ చూస్తే చదువుకున్నవాళ్లు పెట్టినట్టే ఉంటాయి. ఆ తర్వాతివన్నీ తగాదాల్లోంచి పుట్టినవే. రంగుల బాబాయ్ ఒకసారి రేసు సగమయ్యాక ఫోన్ చేసి "నేను పొద్దున్నే మనసులో అనుకున్నా" అన్నాడు. దాంతో ఫోన్లో చెప్పింది చెల్లదు, సొంత చేతిరాత ఉండాలి, డబ్బాలో పడాలి అన్నది వచ్చింది. బావ ఏ రేసుకైనా సరే, వాన పడినా, ఎండ కాసినా, ఎర్ర బండే గెలుస్తుందని రాస్తాడు. ఆ ఎర్ర బండి కుర్రాడు వాడి దేవుడు. చూసి చూసి సుత్తన్నకి ఒళ్లు మండి, గెలుస్తుందని రాసిన బండి మధ్యలో ఆగిపోతే మూడు కోత వెయ్యాల్సిందే అని పట్టుబట్టాడు. అదీ నియమమైంది.

అన్నింటికంటే చిత్రమైంది పాత చీటీ నియమం. ఆదివారం బావ నిద్ర లేస్తే సాయంత్రమే. వాడు లేచేసరికి దీపాలు ఆరిపోయేవి, చీటీ ఉండేది కాదు, సున్నాలు పడేవి. కొడుకు పేరు కింద సున్నాలు చూడలేక మామయ్య ఒకరోజు గొంతు సవరించుకుని, "చీటీ వెయ్యకపోతే కిందటి రేసు చీటీయే చెల్లుతుంది. రాసుకో" అని అత్తయ్యతో అన్నాడు. రాసుకుంది. మేమెవరం కాదనలేదు. మేం ఆదివారం మధ్యాహ్నం నిద్రపోయే రకం కాదు కాబట్టి దాంతో మాకు పనిలేదనుకున్నాం.

గెలిచినవాళ్లకి ఏమిటంటారా? మిడత. పాత చిన్న కారొకటి ఎవరో వదిలేసి పోతే, దాని కడుపులోవన్నీ పీకేసి, ఇంజను మార్చి, ఇనప గొట్టాలతో లోపల పంజరం కట్టి, ఆకుపచ్చ రంగు కొట్టాం. అదే మిడత. ఏడాదికోసారి మా ఊరి చివర ట్రాక్ మీద షెడ్లవాళ్ల రేసు జరుగుతుంది. అందులో మిడతని తోలేది జోస్యంలో గెలిచినవాళ్లే. కిందటేడు బావ తోలాడు, అంతకు ముందు సుత్తన్న, దానికి ముందు మళ్లీ బావ. గెలిచినవాళ్ల ఒళ్లు కొలిచి డ్రైవర్ సీటు కొత్తగా కుట్టేది మాత్రం ప్రతి ఏడూ నేనే. మలుపుల్లో మనిషి అటూ ఇటూ జారకూడదు, నడుము దగ్గర ఫోము బిగుతుగా పట్టాలి. అలా కుట్టి కుట్టి మా షెడ్డులో మగవాళ్లందరి వీపులూ నాకు కంఠతా వచ్చేశాయి.

ఆ బండి నేను తోలాలి. దీన్ని దాచుకోవాల్సిన పనేముంది? నాకు లైసెన్సు ఉంది, చేతులున్నాయి, కాళ్లున్నాయి. ఇంకొకరి వీపుకి సరిపోయేలా ఫోము కోసినప్పుడల్లా ఒకసారి వెళ్లి మిడత తలుపు తీసి లోపలికి చూసి వచ్చేదాన్ని. నన్ను ఆటలోకి రానిచ్చింది కూడా నవ్వులాటకే. "రాయవే, నువ్వూ రాయి, సరదాగా ఉంటుంది" అన్నాడు మామయ్య. వాళ్లకి సరదా, నాకు కాదు.

జోస్యంలో నాకొక పద్ధతి ఉంది. నేను ఎవరినీ ప్రేమించను. సీటు కుట్టు లాగిన చోటే తెగుతుంది, అందంగా ఉన్న చోట తెగదు. రేసులు చూసేటప్పుడు కూడా ఎవరు బండిని ఎక్కువ లాగుతున్నారో, ఏ ఇంజను ఎన్నాళ్లుగా మార్చలేదో, ఎవరు టైర్లని పసిపిల్లల్లా చూసుకుంటున్నారో అదే చూస్తాను. నీలం బండిలో ఒక పెద్దాయన ఉన్నాడు, మేం ముసలి నక్క అంటాం. ఆయన రేసంతా కునుకు తీస్తున్నట్టే ఉంటాడు, చివర్లో చూస్తే ముందుంటాడు. నా చీటీల్లో ఆయన ఎక్కువ కనిపించేవాడు. బావ వెక్కిరించేవాడు. "మరదలా, నీకు ముసలాళ్లే నచ్చుతారేంటే?" అనేవాడు. "కనీసం మేలుకుని ఉంటారు బావా" అనేదాన్ని.

ఆ ఏడు ఆఖరి రేసు వచ్చేసరికి బానెట్ మీద బావ మొదట, వాడికి పదకొండు పాయింట్ల వెనక నేను. ఆఖరిదానికి ముందు రేసులో నేను ఎర్ర బండి ముందుగా ఆగిపోతుందని రాశాను. దాని ఇంజను అరిగిపోయిందని చూస్తేనే తెలుస్తోంది, తోక దగ్గర సన్నగా పొగ కూడా వస్తోంది. కానీ ఆరోజు ఆగలేదు, గెలిచింది. బావ షెడ్డంతా గంతులేశాడు. "ఆగిపోతుందన్నావు? ఏదీ, ఎక్కడాగింది?" అని నా మిషను చుట్టూ తిరిగాడు. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. ఆగలేదు కానీ, ఆగడానికి సిద్ధంగా ఉందని నాకు తెలుసు.

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం నేను చీటీ రాయడానికి వచ్చేసరికి మామయ్య గేటు దగ్గరే ఎదురుపడ్డాడు.

"అమ్మాయ్, స్కూలు వ్యాను సీట్లు బిగించాలి. రేపు పొద్దున్నే పిల్లలు ఎక్కుతారు. డ్రైవరు ఇంటికే వెళ్లి చేసి రా" అన్నాడు.

"రేసు అయ్యాక వెళ్తా మామయ్యా."

"పిల్లలు నిలబడి వెళ్లాలా? ఆటకంటే పని ముఖ్యం కాదూ?"

"చీటీ వేసి వెళ్తానైతే."

"డబ్బా ఇంకా బయట పెట్టలేదు. నువ్వెళ్లు, గంటలో వచ్చేస్తావు."

వెళ్లాను. ఊరి ఆ చివర, రెండు బస్సులు మారితే గానీ చేరని ఇల్లు. చూస్తే ఒక్క సీటు కూడా ఊడలేదు, రెండు కవర్లకి హుక్కులు జారాయంతే. వ్యాను డ్రైవరు నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. "బుధవారం రమ్మన్నానే, సెలవు రోజు ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు. అప్పుడు తలకెక్కింది. కొడుక్కి పదకొండు పాయింట్లు చాలవని భయం పట్టుకుందన్నమాట ఆయనకి. పాము చావాలి, కర్ర విరగకూడదు అన్నట్టు నన్ను ఆటలోంచి తప్పించాడు. ఒక్కమాట ఒప్పుకుంటాను, ఆ దారి పొడుగునా ఆయన్ని నేను తిట్టిన తిట్లు అమ్మ వింటే నా నోరు కడిగేది.

తిరిగొచ్చేసరికి గాజు తలుపు గదిలో టీవీ చుట్టూ అందరూ ఉన్నారు. రేసు చివరి చుట్లలో ఉంది. మామయ్య నన్ను చూసి నాలుక కరుచుకున్నట్టు నటించాడు.

"అయ్యయ్యో, నీ చీటీ పడలేదు కదే! దీపాలు ఆరిపోయాయి మరి. ఏం చేస్తాం, వచ్చే ఏడు చూద్దాం."

బావ మొహం మాడిపోయి ఉంది. టీవీలో చూస్తే కారణం తెలిసింది. ఎర్ర బండి గడ్డి మీద ఆగి ఉంది, వెనక నుంచి పొగ, దాని పక్కన వాడి దేవుడు చేతి తొడుగులు నేలకేసి కొడుతున్నాడు. అందరికంటే ముందు అదే ఆగిందట. మేం చూస్తుండగానే ముసలి నక్క గీత దాటాడు. రెండోది పచ్చ బండి, మూడోది వెండి బండి.

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

"పాత చీటీ చెల్లుతుంది కదా మామయ్యా" అన్నాను.

సుత్తన్న పైకప్పు వైపు చూశాడు. కొడుకు నిద్ర కోసం తవ్విన గోతిలో తనే పడ్డాడని మామయ్య మొహంలో మెల్లగా తెలిసింది. ఆ నియమం ఉన్న సంగతే ఆయన మర్చిపోయాడు. అంతకాలం దాన్ని వాడుకున్నది ఒక్క ఇంట్లోవాళ్లే కావడంతో, అది నియమమన్న ధ్యాసే పోయి ఇంటి అలవాటు అయిపోయింది.

అత్తయ్య లేచి, మేకుకి గుచ్చిన కిందటి రేసు చీటీల్లోంచి నాది తీసింది. మొదట ముసలి నక్క, సరి, పది. రెండు వెండి, మూడు పచ్చ, అవి తారుమారయ్యాయి, రెండూ రెండూ నాలుగు. ముందుగా ఆగేది ఎర్ర బండి, సరి, ఐదు. మొత్తం పంతొమ్మిది. బావ చీటీలో గెలిచేది ఎర్ర బండి, అది ఆగింది కాబట్టి మూడు కోత. మిగతా ఇద్దరూ స్థానాలు మారి రెండేసి. చివరికి వాడికి మిగిలింది ఒకటి. అత్తయ్య బానెట్ మీద రాసి, సుద్ద చేతులు దులుపుకుని వెళ్లిపోయింది. నేను ఏడు పాయింట్లు ముందున్నాను. ఆ అంకె చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

సోమవారం పొద్దున్న షెడ్డుకొచ్చేసరికి బానెట్ నున్నగా తుడిచి ఉంది. ఒక్క గీత కూడా లేదు. తడి ఇంకా ఆరలేదు.

టీ వేళకి మామయ్య అందరినీ పిలిచాడు. "చూడండి, ఆఖరి రేసు విషయంలో గందరగోళం అయింది. మనిషి లేకుండా పాత చీటీ చెల్లదు. అందుకని మావాడే గెలిచినట్టు. మధ్యాహ్నం ట్రాక్ మీద సాధన ఉంది, మిడతతో ఎవరొస్తే వాళ్ల పేరే రేసుకి రాసుకుంటారు. వాడు తీసుకెళ్తాడు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి గొంతులో తేనె కలిపాడు. "నీకు దెబ్బ తగిలితే మీ అమ్మకి నేనేం జవాబు చెప్పాలే? నీకు కొత్త మిషను కొనిస్తా, మోటారుది. సరేనా? బావ వీపు కొలత తీసుకుని సీటు కుట్టెయ్యి."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటే ఇదే. నా చేతిలో కొలత టేపు ఉంది. దాన్ని చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఫోము ముక్కలు రెండు తీసుకున్నాను. నేరుగా వెళ్లి మిడత తలుపు తీసి సీట్లో కూర్చున్నాను. నా నడుముకీ సీటుకీ మధ్య ఒక ముక్క, వీపు వెనక ఒకటి దూర్చాను. ఇప్పుడు కాళ్లు పెడల్స్‌కి అందాయి. బెల్టులు బిగించాను. హెల్మెట్ పెట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు మామయ్య.

"గెలిచాను కదా, కూర్చున్నాను."

"దిగు."

"దిగను."

"అమ్మాయ్, నా సహనం పరీక్షించకు. దిగు అంటున్నా."

"నువ్వు నా చీటీ పరీక్షించావు కదా మామయ్యా, ఫరవాలేదు, నేనూ పరీక్షిస్తా."

సుత్తన్న దగ్గినట్టు నవ్వాడు. మామయ్య చూపు అటు తిరగ్గానే సుత్తి తీసుకుని ఒక తలుపుని అకారణంగా కొట్టడం మొదలుపెట్టాడు. ఎవరో పెద్దమనిషి కారు తీసుకెళ్లడానికొచ్చి, హెల్మెట్‌తో కూర్చున్న నన్ను, నడుం మీద చేతులేసుకున్న మామయ్యని చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. బావ కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఎందుకే ఇదంతా? కావాలంటే వచ్చే ఏడు నీకే వదిలేస్తా."

"నువ్వు వదిలేది నాకెందుకు? నేను గెలిచింది నాకియ్యి."

"అబ్బ, ఎంత పొగరే నీకు!"

"ఉంది. నీకు నిద్రున్నట్టే."

వాడు కిటికీ వదిలి వెనక్కి జరిగాడు. వాడు చెడ్డవాడు కాదు, పాపం. చేతికొచ్చిన అన్నం ముద్ద ఎవరు కలిపారో ఎప్పుడూ అడగని రకం, అంతే.

ఎండ షెడ్డు రేకుల మీదికెక్కింది. హెల్మెట్లో చెమట కళ్లలోకి కారుతోంది. నాకు లోపల భయంగానే ఉంది. ఈ పని పోతే నేను ఇంకో షెడ్డు చూసుకోవాలి, అమ్మ నెత్తీ నోరూ బాదుకుంటుంది. అయినా దిగాలనిపించలేదు. ఒక్కసారి దిగితే ఇక జీవితమంతా ఇంకొకళ్ల వీపులు కొలుస్తూ ఉండాల్సిందేనని గట్టిగా అనిపించింది.

"ఎన్నాళ్లు కూర్చుంటావు?" అన్నాడు మామయ్య.

"సీటు నేను కుట్టిందే మామయ్యా. ఎన్నాళ్లైనా కూర్చోవచ్చు."

ఆయన గాజు తలుపు వైపు తిరిగి అరిచాడు. "ఏమేవ్! ఇటురా! నువ్వన్నా చెప్పు దీనికి. లెక్క రాసేది నువ్వేగా, గెలవలేదని చెప్పు!"

అత్తయ్య వచ్చింది. ఆవిడ నోటినుంచి నాకు మంచి మాట రావడం జరిగే పని కాదు. కొడుకు ఒక పక్క, మొగుడు ఒక పక్క, కోడలిగా రానన్న నేను మధ్యలో. ఆవిడ నన్ను చూడలేదు. బానెట్‌నే చూసింది, దగ్గరికెళ్లి దానిమీద వేలు రుద్ది, సుద్ద అంటిందేమో చూసుకుంది.

"ఎవరు చెరిపారు?" అంది.

రంగుల బాబాయ్ మామయ్య వైపు చూశాడు.

"నేను రాసింది ఎవరు చెరిపారు అని అడుగుతున్నా."

"నేనే," అన్నాడు మామయ్య. "మనిషి లేకుండా చీటీ ఏంటి? ఆ నియమం తీసేశా."

అత్తయ్య సుద్ద తీసుకుంది. పేరు తర్వాత పేరు, రేసు తర్వాత రేసు, ఎక్కడా ఆగకుండా మొత్తం మళ్లీ రాసింది. ఆవిడ చేతికి అంకెలన్నీ గుర్తున్నాయి. రాయడం అయ్యాక బావ పేరు దగ్గర సుద్ద పెట్టి మామయ్య వైపు తిరిగింది.

"పాత చీటీ చెల్లదంటే సరే, చెల్లదు. అందరికీ చెల్లదు. వీడు నిద్రపోయిన ఆదివారాలకి పాత చీటీల మీద ఎంత వేశానో ఇక్కడుంది. ఇదీ, ఇదీ, ఇదీ. కొట్టేస్తే వీడు సుత్తన్న కిందికి పోతాడు. దాని పంతొమ్మిదీ కొట్టేసినా అప్పుడూ అదే ముందుంటుంది. కొట్టెయ్యనా?"

"అమ్మా!" అన్నాడు బావ.

"ఏంరా? తప్పు చెప్పానా?"

వాడు తల దించుకుని, లేదన్నాడు. వాడి నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. ఆ ఒక్క మాటకి వాడికి ఆరు పాయింట్లు ఇవ్వచ్చు.

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. "దానికి వత్తాసేంటి నువ్వు? మన అబ్బాయిని కాదంది అది!"

"అందుకే దాని మొహం చూడను," అంది అత్తయ్య. "నాకు అదంటే పడదు, చచ్చేదాకా పడదు. కానీ మీరు అందరూ ఆడుకుంటే ఇన్నేళ్లూ నేను ఆడకుండా లెక్క రాశాను. ఈ షెడ్డులో నాదంటూ ఉన్నది ఆ లెక్కొక్కటే. అందులో ఒక్క అబద్ధం పడిందా, ఇన్నేళ్లు రాసిందంతా అబద్ధమే. నేను ఒప్పుకోను."

ఆడవాళ్లిద్దరూ ఒక్కటయ్యారని మామయ్య అనుకున్నట్టున్నాడు. మేం ఒక్కటవలేదు. ఆ క్షణంలో కూడా ఆవిడ నా వైపు చూడలేదు.

"సరే," అన్నాడు మామయ్య. "గెలిచింది. ఒప్పుకున్నా. అయితే ఏంటి? ఆట ఆటే, బండి నాది. బరువు తగ్గాలని స్టార్టరు పీకేశాం, తోస్తే గానీ ఇది కదలదు. నా షెడ్డులో నా జీతం తీసుకునేవాడెవడు తోస్తాడో నేనూ చూస్తా."

సుత్తన్న నేల చూశాడు. రంగుల బాబాయ్ చేతులకి అంటిన రంగు గీరుకోవడం మొదలుపెట్టాడు. వాళ్లని నేను తప్పుపట్టను, వాళ్లకీ ఇళ్లున్నాయి. కానీ నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత దూరం వచ్చి, నియమాలన్నీ నా వైపే ఉండి, చివరికి వెనక నుంచి తోసే రెండు చేతులు లేక ఆగిపోవడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. హెల్మెట్ ఉన్నందుకు సంతోషించాను.

అద్దంలో అత్తయ్య కనిపించింది. సుద్ద బల్ల మీద పెట్టింది. చెప్పులు విడిచి పక్కకి నెట్టింది. మిడత వెనక్కి వచ్చి రెండు చేతులూ డిక్కీ మీద ఆనించింది.

"నీకేమైనా పిచ్చా?" అని మామయ్య అరిచాడు. "నడుం పట్టేస్తుంది!"

"పడితే బిల్లులు నువ్వు రాసుకో. నేను నీ దగ్గర జీతం తీసుకోవట్లేదుగా, నన్నేం పీకుతావ్?"

తోసింది. బండి కదల్లేదు. మళ్లీ తోసింది. జానెడు కదిలి ఆగిపోయింది. ఆవిడ ఆయాసం నాకు వినిపిస్తోంది. అప్పుడు ఎన్నో ఏళ్ల తర్వాత, అద్దంలోంచే, నా కళ్లలోకి చూసింది.

"ఏడుస్తావేంటే? నా కొడుకుని వద్దన్నప్పుడు ఏడిచావా? ముందు చూడు. రెండో గేరులో పెట్టి క్లచ్ తొక్కి ఉంచు. వదులు అన్నప్పుడు వదులు."

గేరు వేశాను. ఆవిడ మూడోసారి తోసింది. సుత్తి నేల మీద పడిన చప్పుడయింది. ఒక పక్క సుత్తన్న భుజం, ఇంకో పక్క ఆకుపచ్చ రంగు మరకల చేతులు అద్దంలోకి వచ్చాయి. మామయ్య ఏదేదో అరుస్తున్నాడు. బండి షెడ్డు గచ్చు మీద జోరందుకుంది.

"వదులు!"

వదిలాను. మిడత ఒక్కసారి ఎక్కిళ్లు పెట్టి, దగ్గి, గర్జించింది. షెడ్డు రేకులన్నీ దద్దరిల్లాయి. గేటు దగ్గర బావ ఉన్నాడు. ఒక క్షణం అడ్డం నిలబడ్డాడనే అనుకున్నాను. వాడు గేటు రెండో రెక్క కూడా బార్లా తీసి పక్కకి జరిగాడు.

ట్రాక్ దాకా ఎలా వెళ్లానో సరిగా గుర్తులేదు. అక్కడ గొడుగు కింద ఒకాయన చేతిలో కాగితాలతో కూర్చుని ఉన్నాడు. కిటికీ దగ్గరికొచ్చి బండిలోకి తొంగి చూశాడు.

"ఇంజను ఆపమ్మా, వివరాలు రాసుకోవాలి."

"ఆపను. ఆపితే మళ్లీ తొయ్యాలి."

"సర్లే. డ్రైవరు ఎక్కడ? వెనకాల వస్తున్నాడా?"

"వెనకాల చాలామంది వస్తారు, వాళ్ల సంగతి తర్వాత. ముందు నన్ను రాసుకో" అని, ఇంజను చప్పుడు మీదుగా వినపడేలా గట్టిగా నా పేరు చెప్పాను.